ఆర్క్నీ దీవుల తీరప్రాంతం

ఆర్క్నీ దీవులు స్కాట్లాండు ప్రధాన భూభాగానికి ఉత్తరాన, అట్లాంటిక్ మహాసముద్రం మరియు ఉత్తర సముద్రం కలిసే చోట ఉన్న ద్వీపసమూహం. ఇందులో చిన్నవీ పెద్దవీ కలిపి దాదాపు 70 దీవులు ఉండగా, సుమారు 20 దీవులలో మాత్రమే జనం నివసిస్తున్నారు. మొత్తం జనాభా సుమారు 22 వేలు. పశుపోషణ, వ్యవసాయం, చేపల వేట ఇక్కడి ప్రజల సంప్రదాయ వృత్తులు. ఈ దీవుల తీరం రెండు విషయాలకు ప్రసిద్ధి చెందింది. మొదటిది, ఐదు వేల సంవత్సరాలకు పైబడిన రాతి కట్టడాలు ఇక్కడ చెక్కు చెదరకుండా నిలిచి ఉండడం. రెండవది, ఆ కట్టడాలు ఉన్న నేలనే సముద్రం నిరంతరం కోసివేస్తూ ఉండడం. ఇక్కడి ప్రాచీన అవశేషాలలో అనేకం సముద్రపు కోత కారణంగానే వెలుగులోకి వచ్చాయి. అదే కోత కారణంగా నశించిపోతున్నాయి కూడా. అందువలన భూగర్భ శాస్త్రం, పురావస్తు శాస్త్రం, తీర పరిరక్షణ అనే మూడు విషయాలను విడదీయకుండా చదువుకోవలసిన ప్రదేశాలలో ఆర్క్నీ ఒకటి.

ఉనికి

ఆర్క్నీ దీవులు ఉత్తర అక్షాంశం 59 డిగ్రీల ప్రాంతంలో ఉన్నాయి. స్కాట్లాండు ఉత్తర కొననుండి వీటిని పెంట్లాండ్ జలసంధి వేరు చేస్తున్నది. సుమారు 16 కి.మీ. దూరాన ఉన్న ఈ దీవులకు చేరాలంటే, బ్రిటన్ చుట్టూ ఉన్న జలాలలో అత్యంత వేగంగా ప్రవహించే ఆటుపోట్ల ప్రవాహాలను దాటాలి. దీవులన్నిటిలో పెద్దదాని పేరు మెయిన్‌లాండ్. దీని వైశాల్యం సుమారు 523 చ.కి.మీ. ముఖ్య పట్టణమైన కిర్క్‌వాల్, రెండవ పట్టణమైన స్ట్రామ్‌నెస్ ఈ దీవిలోనే ఉన్నాయి. హోయ్, రౌసే, వెస్ట్రే, పాపా వెస్ట్రే, సాండే, నార్త్ రొనాల్డ్‌సే మొదలైనవి ఇతర దీవులు.

హోయ్ దీవి కొండలమయం. మిగిలిన దీవులు చాలావరకు పల్లపు నేలలు, పచ్చిక బయళ్ళు. గాలి తీవ్రత వలన చెట్లు అరుదు. జనావాసాలన్నీ తీరానికి దగ్గరగానే ఉంటాయి. ఈ అలవాటు నేటిది కాదు. కొత్త రాతియుగం నుండి ఇక్కడి ప్రజలు సారవంతమైన తీరభూములనే ఆశ్రయించారు. చేపలు, గవ్వచేపలు, సముద్ర పక్షులు, ఒడ్డుకు కొట్టుకువచ్చే తిమింగలాలు, కొయ్య దుంగలు, పొలాలకు ఎరువుగా పనికివచ్చే సముద్రపు నాచు అన్నీ తీరంలోనే దొరికేవి. పురావస్తు స్థలాలలో ఇంత పెద్ద భాగం నేడు అలల అంచున ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

భూగర్భ నిర్మాణం

ఆర్క్నీ దీవులలోని శిలలలో అధిక భాగం డెవోనియన్ కల్పానికి చెందినవి. సుమారు 39 కోట్ల సంవత్సరాల క్రితం ఈ భూభాగం భూమధ్యరేఖకు కొద్దిగా దక్షిణాన ఉండేది. అప్పుడు ఇక్కడ ఒక విశాలమైన మంచినీటి సరస్సు ఉండేది. భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని ఆర్కేడీ సరస్సు అని వ్యవహరిస్తారు. వాతావరణం మారినప్పుడల్లా ఈ సరస్సు లోతుగా నిండుతూ, తిరిగి ఎండుతూ వచ్చింది. ఆ విధంగా అడుగున చేరిన ఒండ్రుమట్టి, సన్న ఇసుక పొరలు పొరలుగా గట్టిపడి పలకరాళ్ళుగా మారాయి. ఈ రాళ్ళపై ఎండిన బురద నెర్రెలు, నీటి అలల ముద్రలు నేటికీ కనిపిస్తాయి. మెయిన్‌లాండ్ పశ్చిమ తీరంలోని యెస్నబీ వద్ద, సరస్సు అంచున పెరిగిన సూక్ష్మజీవుల వలన ఏర్పడిన స్ట్రొమాటోలైట్ శిలాజాలు ఉన్నాయి. సరస్సులో నివసించిన ప్రాచీన మత్స్యాల శిలాజాలకు కూడా ఈ ప్రాంతం పేరుపొందింది. 19వ శతాబ్దపు స్కాటిష్ భూగర్భ శాస్త్రవేత్త హ్యూ మిల్లర్ స్ట్రామ్‌నెస్ సమీపాన దొరికిన ఒక చేప శిలాజాన్ని ఆధారంగా తీసుకొని 1849లో ఒక గ్రంథాన్నే వెలువరించాడు.

ఈ సరస్సు అవక్షేపాలు ఆర్క్నీతో పాటు స్కాట్లాండు ఈశాన్య ప్రాంతమంతటా వ్యాపించి ఉన్నాయి. ఇంగ్లాండులోని స్టోన్‌హెంజ్ వద్ద ఉన్న 'బలిపీఠపు రాయి' ఈ అవక్షేప ప్రాంతం నుండే వచ్చిందని 2024లో వెలువడిన పరిశోధన తెలిపింది. అయితే అది ఆర్క్నీ మెయిన్‌లాండ్ దీవికి చెందిన రాయి కాదని అదే సంవత్సరం మరొక అధ్యయనం స్పష్టం చేసింది.

పలకరాయి స్వభావం ఆర్క్నీ చరిత్రను తీర్చిదిద్దింది. తెలుగునాట నాపరాళ్ళు ఏ విధంగా పొరల వెంబడి సులభంగా విడివడి నేలకూ, అరుగులకూ, అలమరలకూ పనికివస్తాయో, ఆర్క్నీ పలకరాయి కూడా అటువంటిదే. (కడప, తాండూరు నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది, ఆర్క్నీ పలకరాయి ఒండ్రుమట్టి, ఇసుకతో ఏర్పడినది. పలకలుగా విడివడే గుణం మాత్రం రెండింటిలోనూ ఉంది.) ఇనుప పనిముట్లు లేని కాలంలో సైతం ఈ రాతిని తీసి, సున్నం లేకుండా పేర్చి, గోడలు కట్టడం సాధ్యమయింది. చెట్లు లేని దీవులలో కొయ్యకు బదులు రాయే వాడబడింది. కొయ్య ఇండ్లు కుళ్ళి నశిస్తాయి. రాతి ఇండ్లు నిలుస్తాయి. ఆర్క్నీలో ఆదిమ రైతుల గృహాలు మంచాలు, అలమరలతో సహా మిగిలి ఉండడానికి కారణం ఇదే.

అయితే ఏ గుణం వలన మనిషికి ఈ రాయి లొంగిందో, అదే గుణం వలన సముద్రానికి కూడా లొంగుతున్నది. పొరల మధ్య సందులు, వాటిని అడ్డంగా ఖండించే నిలువు పగుళ్ళు అలల దెబ్బకు తేలికగా విడిపోతాయి.

హోయ్ దీవిలో పలకరాళ్ళ కంటే తరువాతి కాలానికి చెందిన ఎర్రని, పసుపుపచ్చని ఇసుకరాయి ఉంది. దాని కింద అగ్నిపర్వత లావా పొర ఉంది. స్ట్రామ్‌నెస్ పరిసరాలలో సరస్సు కంటే ప్రాచీనమైన గ్రానైటు వంటి శిలలు బయటపడి ఉన్నాయి.

మంచుయుగం, సముద్రమట్టం

గడచిన మంచుయుగంలో హిమానీనదాలు ఈ దీవులను కప్పి, కొండలను అరగదీసి, బంకమన్ను, గులకరాళ్ళు కలిసిన మెత్తని పొరను పరచి వెళ్ళాయి. దీనిని హిమానీ నిక్షేపం అంటారు. చాలా చోట్ల తీరపు గట్టు ఈ మెత్తని మట్టితోనే ఏర్పడింది. పురావస్తు అవశేషాలు సాధారణంగా ఈ పొరపైననే ఉంటాయి.

మంచు కరిగిన తరువాత సముద్రమట్టం పెరిగింది. స్కాట్లాండు మధ్య భాగంలో దట్టమైన మంచు బరువు తొలగిపోవడం వలన భూమి కూడా పైకి లేచింది. అందువలన అక్కడ పాత తీరరేఖలు నేటి సముద్రానికి ఎగువన కనిపిస్తాయి. ఆర్క్నీపై మంచు పలుచగా ఉన్నందున భూమి ఆ విధంగా లేవలేదు. ఫలితంగా ఇక్కడి పాత తీరాలు నీట మునిగాయి. నేటి దీవులు ఒకప్పటి పెద్ద భూభాగంలో మునగక మిగిలిన ఎత్తు ప్రదేశాలు మాత్రమే. సాండే దీవిలోని ఒక అఖాతంలో పాటు సమయాన నీరు వెనుకకు తీసినప్పుడు, మునిగిపోయిన ప్రాచీన అడవి అవశేషాలు బయటపడతాయి.

కోత జరిగే విధానం

ఆర్క్నీ తీరంలో కోత ఒకే విధంగా జరగదు. తీరం ఏ పదార్థంతో ఏర్పడినది అనే విషయాన్ని బట్టి నాలుగు విధాలుగా దీనిని వివరించవచ్చు.

1. గట్టి రాతి భృగువులు: అట్లాంటిక్ మీదుగా అడ్డులేకుండా వచ్చే అలలు పశ్చిమ తీరాన్ని తాకుతాయి. అల విరిగినప్పుడు రాతి పగుళ్ళలోని గాలి ఒక్కసారిగా నొక్కబడుతుంది. అల వెనుదిరిగినప్పుడు ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఈ ఒత్తిడి వేలాది సార్లు పునరావృతమై రాతి దిమ్మెలు ఊడిపడతాయి. నిలువు పగులు వెంబడి కోత సాగితే లోతైన, ఇరుకైన చీలిక ఏర్పడుతుంది. దీనిని స్థానికంగా 'గియో' అంటారు. ఇది నార్స్ భాషనుండి వచ్చిన పదం. గుహ పైకప్పు కూలి భూమి లోపలికి రంధ్రం ఏర్పడితే 'గ్లూప్' అంటారు. డీర్‌నెస్ వద్ద దీనికి మంచి ఉదాహరణ ఉంది.

2. మట్టి గట్లు: హిమానీ నిక్షేపంతో ఏర్పడిన గట్ల పాదాన్ని తుఫాను అలలు తొలిచివేస్తాయి. పైభాగం వర్షానికి నాని జారిపడుతుంది. ఒక్క రాత్రిలో పెద్ద భాగం పోవచ్చు; ఆ తరువాత కొన్ని సంవత్సరాలు ఏ మార్పూ కనిపించకపోవచ్చు.

3. ఇసుక తిన్నెలు: ఇక్కడి ఇసుకలో ఎక్కువ భాగం గవ్వల పొడి. దీనిని పచ్చిక వేళ్ళు పట్టి ఉంచుతాయి. కుందేళ్ళ బొరియల వలన గాని, పశువుల తొక్కుడు వలన గాని, అలల వలన గాని పచ్చిక తెగితే గాలి ఇసుకను ఎత్తుకుపోతుంది. ఇక్కడ కోతకు ప్రధాన కారణం నీరు కాదు, గాలి.

4. గులకరాళ్ళ కట్టలు: అలలు, ప్రవాహాలు మోసుకువచ్చిన గులకరాళ్ళు అఖాతాల ముఖద్వారాల వద్ద కట్టలుగా పేరుకుంటాయి. వీటిని 'ఎయిర్' అంటారు. ఇవి తుఫానులకు కదిలి స్థానం మార్చుకుంటాయి.

కోతకు మరొక ముఖం మేటవేత. ఒకచోట పోయిన ఇసుక మరొకచోట చేరుతుంది. 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి ఒకటి స్కాపా ఫ్లో నౌకాస్థావరంలోకి చొరబడి రాయల్ ఓక్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను ముంచివేసింది. ఆ తరువాత తూర్పు మార్గాలను మూసివేయడానికి చర్చిల్ అడ్డుకట్టలు నిర్మించారు. ఈ నిర్మాణంలో ఇటాలియన్ యుద్ధఖైదీలు పనిచేశారు. బరే, సౌత్ రొనాల్డ్‌సే దీవులను కలిపే నాల్గవ అడ్డుకట్ట తూర్పు వైపున నాటినుండి ఇసుక చేరి, నేడు అక్కడ తిన్నెలతో కూడిన వెడల్పైన ఇసుక తీరం ఏర్పడింది. తీరంలో ఒకచోట చేసిన మార్పు మరొకచోట ఎట్లా ఫలిస్తుందో తెలుసుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్

హోయ్ దీవి పశ్చిమ తీరాన 137 మీ. ఎత్తున నిలిచిన ఇసుకరాతి స్తంభం పేరు ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్. ఇది లావా శిలతో ఏర్పడిన పీఠంపై నిలిచి ఉంది. పేరులో 'ముసలివాడు' అని ఉన్నా, భూగర్భ శాస్త్రం దృష్టిలో ఇది పసిబిడ్డ. 18వ శతాబ్దం మధ్యకాలపు పటంలో ఇక్కడ విడి స్తంభం లేదు. భూభాగం సముద్రంలోకి చొచ్చుకొని ఉంది. 19వ శతాబ్దం తొలినాళ్ళ చిత్రాలలో స్తంభం రెండు కాళ్ళతో కనిపిస్తుంది. తరువాత ఒక కాలు తుఫానులో కూలిపోయింది. 1966లో క్రిస్ బానింగ్టన్, రస్టీ బెయిలీ, టామ్ పేటీ అనే పర్వతారోహకులు తొలిసారిగా దీనిని అధిరోహించారు. ఏదో ఒకనాడు ఈ స్తంభం కూడా కూలిపోక తప్పదు. గట్టి రాతి తీరంలో సైతం మూడు వందల సంవత్సరాలలోపే ఇంతటి మార్పు జరిగినప్పుడు, మట్టి గట్లు, ఇసుక తిన్నెల సంగతి ఊహించవచ్చు.

తీరంలోని పురావస్తు స్థలాలు

స్కారా బ్రే

మెయిన్‌లాండ్ పశ్చిమ తీరాన స్కేల్ అఖాతం ఒడ్డున ఉన్న కొత్త రాతియుగపు గ్రామం ఇది. 1850 శీతాకాలంలో వీచిన పెను తుఫాను ఇసుక దిబ్బపైని పచ్చికను లేపివేయగా రాతి గోడలు బయటపడ్డాయి. స్థానిక భూస్వామి విలియం వాట్ తవ్వకాలు జరిపి 1868 నాటికి నాలుగు ఇండ్లను వెలికితీశాడు. 1924లో ఈ స్థలం ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది. అదే సంవత్సరం చివరిలో మరొక తుఫాను కట్టడాలలో కొంత భాగాన్ని ధ్వంసం చేసింది. దానితో సముద్రపు గోడ నిర్మించవలసి వచ్చింది. 1928-30 మధ్య వి.గోర్డన్ చైల్డ్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. చైల్డ్ ఈ గ్రామాన్ని ఇనుపయుగానికి చెందినదని భావించాడు. 1970లలో జరిగిన తవ్వకాలలో లభించిన పదార్థాలను రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షించగా, ఇది క్రీ.పూ. 3180 - క్రీ.పూ. 2500 మధ్య కాలానికి చెందినదని తేలింది. అనగా ఇది ఈజిప్టు గిజా పిరమిడ్ల కంటే ప్రాచీనమైనది.

ఇక్కడి ఇండ్లు ఒకదానితో ఒకటి ఇరుకైన, పైకప్పు గల దారులతో కలపబడి ఉన్నాయి. ప్రతి ఇంటిలోనూ మధ్యలో పొయ్యి, ఇరువైపులా రాతి మంచాలు, గుమ్మానికి ఎదురుగా రాతి అలమర ఉంటాయి. నేలలో రాతి పలకలతో చేసి సందులను బంకమట్టితో పూడ్చిన తొట్లు కూడా ఉన్నాయి. ఇండ్ల గోడలను ఆనుకొని బూడిద, ఎముకలు, గవ్వలతో కూడిన పాత చెత్తను దట్టంగా పేర్చారు. ఇది చలిని ఆపేది. మన ప్రాంతంలో పాడుబడ్డ ఊళ్ళ దిబ్బలను పాటిదిబ్బలు అంటారు. ఆ మన్నును రైతులు పొలాలకు తోలుకునేవారు. ఆర్క్నీ చెత్తదిబ్బలు కూడా అటువంటివే. నాటి ప్రజలు ఏమి తిన్నారు, ఏ పశువులను పెంచారు, ఏ పంటలు పండించారు అనే విషయాలు ఈ దిబ్బలలోని ఎముకలు, గింజలను బట్టే తెలిశాయి. దిబ్బ కోతకు గురైతే గోడల కంటే ముందు ఈ సమాచారమే నశిస్తుంది.

గ్రామంలో జనం నివసించిన కాలంలో సముద్రం దూరంగా ఉండేది. నేడు గోడ అవతలే అలలు విరుగుతున్నాయి. 1860లలో ఇక్కడ దొరికి, తరువాత కనుమరుగైన ఒక తిమింగలపు ఎముక బొమ్మ 2016లో స్ట్రామ్‌నెస్ మ్యూజియంలోని ఒక పెట్టెలో తిరిగి కనిపించింది.

నాప్ ఆఫ్ హౌవర్

పాపా వెస్ట్రే దీవిలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు రాతి గృహాలు స్కారా బ్రే కంటే పాతవి. క్రీ.పూ. 4వ సహస్రాబ్దిలో నిర్మించబడిన ఈ ఇండ్లు ఉత్తర ఐరోపాలో నిలిచి ఉన్న అత్యంత ప్రాచీన రాతి గృహాలలోనివి. వీటిని సైతం సముద్రపు కోతయే బయటపెట్టింది. ఇండ్ల ద్వారాలు నేడు నేరుగా సముద్రం వైపు తెరుచుకొని ఉన్నాయి. కట్టిన నాడు అక్కడ మేత నేలలు ఉండేవి.

లింక్స్ ఆఫ్ నోల్ట్‌లాండ్

వెస్ట్రే దీవి ఉత్తర తీరంలోని ఇసుక తిన్నెల కింద కొత్త రాతియుగం, కంచుయుగాలకు చెందిన విస్తారమైన ఆవాసం ఉంది. గాలికి తిన్నెలు తొలగిపోవడం వలన గోడలు, పొలాల మట్టి బయటపడ్డాయి. ఇక్కడి ఒక కట్టడపు గోడలో పశువుల పుర్రెలను వరుసగా అమర్చినట్లు తవ్వకాలలో తేలింది. 2009లో సుమారు 4 సెం.మీ. ఎత్తున్న ఒక ఇసుకరాతి బొమ్మ దొరికింది. 'వెస్ట్రే వైఫ్' అని ప్రజలు పిలిచే ఈ బొమ్మ స్కాట్లాండులో లభించిన అత్యంత ప్రాచీన మానవరూప శిల్పం.

స్వాండ్రో

రౌసే దీవి తీరాన గులకరాళ్ళ కింద ఉన్న ఈ స్థలంలో కొత్త రాతియుగపు సమాధి, ఇనుపయుగపు గుండ్రని ఇండ్లు, పిక్టుల కాలపు కమ్మరి కొలిమి ఉన్నాయి. కొన్ని భాగాలలోకి ప్రతి పోటుకూ సముద్రపు నీరు చేరుతుంది. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు జూలీ బాండ్, స్టీవ్ డాక్రిల్ నాయకత్వంలో ఇక్కడ పలు సంవత్సరాలు తవ్వకాలు జరిగాయి. వేసవిలో తవ్విన భాగాన్ని శీతాకాలానికి ముందు తిరిగి రాళ్ళతో కప్పవలసి వచ్చేది. కొలిమిలోని దాగలి రాయిపై రాగి పనివాని చేతుల, మోకాళ్ళ మసి గుర్తులు మిగిలి ఉన్నట్లు 2018లో ప్రకటించారు. వెయ్యి సంవత్సరాలకు పైగా చెరగని ఆ మసి గుర్తులను చెరపడానికి ఒక్క అల చాలు.

స్కార్ నావ సమాధి

సాండే దీవిలోని స్కార్ వద్ద తీరపు ఇసుక గట్టునుండి ఎముకలు బయటపడడంతో 1991లో శీతాకాలపు తుఫానులకు ముందే త్వరితగతిన తవ్వకం జరిపారు. ఒక వైకింగ్ పడవలో ముగ్గురిని ఖననం చేసినట్లు తేలింది. వారిలో ఒక వృద్ధురాలు, ఒక నడివయసు పురుషుడు, ఒక బిడ్డ ఉన్నారు. వృద్ధురాలి వద్ద తిమింగలపు ఎముకతో చేసిన, రెండు డ్రాగన్ తలలు చెక్కిన పలక లభించింది. పురుషుని వద్ద కత్తి, బాణాలు, ఆట పావులు ఉన్నాయి. ఇవి ప్రస్తుతం కిర్క్‌వాల్‌లోని ఆర్క్నీ మ్యూజియంలో ఉన్నాయి. శాస్త్రవేత్తలు చేరుకునేసరికే పడవలో సముద్రం వైపు భాగం కోతకు పోయింది. మరికొంత ఆలస్యమైతే మిగిలినది కూడా దక్కేది కాదు.

డీర్‌నెస్ తీరంలోని న్యూఆర్క్ అఖాతం వద్ద మధ్యయుగపు తొలినాళ్ళ శ్మశానవాటిక కూడా ఇట్లాగే కోతకు గురవుతున్నది. అక్కడి గట్టునుండి బయటపడిన పిక్టుల శిలువ శిల్పాన్ని 2019లో వెలికితీశారు.

నార్త్ రొనాల్డ్‌సే గొర్రెల గోడ

తీరపు వారసత్వం అంటే తవ్వి తీసినదే కానవసరం లేదు. ఉత్తర కొసన ఉన్న నార్త్ రొనాల్డ్‌సే దీవి చుట్టూ దాదాపు 19 కి.మీ. పొడవైన రాతి గోడ ఉంది. 1832లో దీనిని నిర్మించారు. గొర్రెలు పొలాలలోకి రాకుండా తీరంలోనే ఉంచడం దీని ఉద్దేశం. అక్కడి గొర్రెలు ప్రధానంగా సముద్రపు నాచు తిని జీవిస్తాయి. తుఫానులకు గోడ పడిపోతూ ఉంటుంది. 2012 డిసెంబరు తుఫానులో తీవ్రంగా దెబ్బతిన్నది. పూర్వం పడిన గోడను ఊరివారే తిరిగి కట్టుకునేవారు. జనాభా బాగా తగ్గిపోవడంతో అది కష్టమయింది. 2016 నుండి బయటి స్వచ్ఛంద సేవకులు వేసవిలో వచ్చి గోడ కట్టడంలో సహాయపడుతున్నారు. గోడ నిలవకపోతే ఆ గొర్రెల జాతి, దానితో ముడిపడిన జీవనవిధానం కూడా నిలవవు.

పరిరక్షణ మార్గాలు

కోతకు గురవుతున్న స్థలం విషయంలో నాలుగు మార్గాలు ఉన్నాయి. ఏదీ సంపూర్ణమైనది కాదు.

మొదటిది గోడ కట్టడం. స్కారా బ్రే వద్ద ఈ మార్గాన్నే అనుసరించారు. గోడ లేకపోతే గ్రామం ఈనాటికి మిగిలేది కాదు. అయితే గోడ అలల శక్తిని హరించదు, పక్కకు మళ్ళిస్తుంది. గోడ రెండు చివరల వద్ద కోత అధికమవుతుంది. అఖాతంలో మిగిలిన తీరం వెనుకకు జరుగుతూ ఉండగా గోడ ఉన్న భాగం ముందుకు పొడుచుకు వచ్చినట్లు అవుతుంది. పైగా గోడలు ఖర్చుతో కూడినవి. వందల కొలది స్థలాలకు కట్టడం సాధ్యం కాదు.

రెండవది ముందుగానే తవ్వి, సమాచారాన్ని భద్రపరచడం. తవ్వకం వలన కూడా స్థలం నశిస్తుంది; కాని జ్ఞానం మిగులుతుంది.

మూడవది కట్టడాన్ని వేరొకచోటికి తరలించడం. 2005 జనవరి తుఫానులో సాండే దీవిలోని మ్యూర్ వద్ద కంచుయుగపు రాతి నిర్మాణం ఒకటి బయటపడింది. నీటిని కాల్చిన రాళ్ళతో మరిగించడానికి వాడిన తొట్టి అందులో ఉంది. 2014లో స్థానికులు, స్కేప్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి దాని రాళ్ళను తీసి దీవిలోని వారసత్వ కేంద్రం పక్కన తిరిగి అమర్చారు.

నాల్గవది చిత్రాలు, కొలతలు తీసుకొని స్థలాన్ని సముద్రానికి విడిచిపెట్టడం. చాలా స్థలాల విషయంలో ఆచరణలో జరుగుతున్నది ఇదే.

ఏ స్థలానికి ఏ మార్గమో నిర్ణయించడానికి ముందు, ఎక్కడ ఏమి ఉన్నదో తెలియాలి. 1990లలో స్కాట్లాండు ప్రభుత్వ వారసత్వ శాఖ తీరప్రాంత సర్వేలు ప్రారంభించింది. 2012-16 మధ్య స్కేప్ సంస్థ నిర్వహించిన ఒక పథకంలో తీరవాసులే ప్రమాదంలో ఉన్న స్థలాలను చూసి, ఫోటోలు తీసి, వివరాలు నమోదు చేశారు. తుఫాను మరునాడు తీరం వెంట నడిచే రైతు గమనించగలిగినది, ఏడాదికొకసారి వచ్చే నిపుణునికి కనిపించకపోవచ్చు. స్కాట్లాండు చట్టం ప్రకారం దొరికిన ప్రాచీన వస్తువులు రాజ్యానికి చెందుతాయి. వాటిని అధికారులకు తెలియజేయాలి.

వాతావరణ మార్పు

స్కారా బ్రే, మేస్‌హౌ సమాధి, స్టెన్నెస్ నిలువురాళ్ళు, బ్రాడ్‌గర్ శిలావలయం కలిపి 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2019లో వాతావరణ మార్పు వలన ఈ స్థలానికి గల ముప్పును ప్రత్యేక సూచిక ద్వారా అంచనా వేశారు. ఆ సూచికను ఒక సాంస్కృతిక వారసత్వ స్థలానికి వర్తింపజేయడం అదే మొదటిసారి. సముద్రమట్టం పెరుగుదల, తుఫానుల తీవ్రత, వర్షపాతంలో మార్పు అనేవి ప్రధానమైన ముప్పులుగా గుర్తించబడ్డాయి. ఫలితం అత్యధిక ముప్పు అనే వర్గంలో వచ్చింది.

స్కాట్లాండు తీరమంతటినీ పరిశీలించిన డైనమిక్ కోస్ట్ అనే అధ్యయనం 2017లో తన ఫలితాలను ప్రకటించింది. దాని ప్రకారం స్కాట్లాండు తీరంలో సుమారు ఐదవ వంతు మెత్తని తీరం. 1970ల నుండి అందులో 12 శాతం కోతకు గురయింది. మిగిలినది స్థిరంగా ఉండడమో, మేటవేయడమో జరిగింది. శాతం చిన్నదే అయినా, ప్రాచీన ఆవాసాలు ఎక్కువగా ఉన్నది ఇటువంటి మెత్తని తీరాలలోనే అన్న విషయం గమనించదగినది.

ప్రాముఖ్యత

ఆర్క్నీ తీరంలో కోత కొత్తది కాదు. కొత్త రాతియుగపు రైతులు ఇండ్లు కట్టిన నాటినుండి సముద్రం ముందుకు వస్తూనే ఉంది. కోత లేకపోతే స్కారా బ్రే, స్కార్ నావ సమాధి వంటివి నేటికీ ఇసుకలోనే ఉండేవి. అయితే ఒక స్థలం బయటపడిన తరువాత అది నశించడానికి పట్టే కాలం చాలా తక్కువ. ఐదు వేల సంవత్సరాలు భూమిలో భద్రంగా ఉన్నది ఒకటి రెండు శీతాకాలాలలో పోవచ్చు. ఆ కొద్ది వ్యవధిలో ఎవరైనా చూడడం, గుర్తించడం, నమోదు చేయడం జరిగితేనే అది చరిత్రలో భాగమవుతుంది. వ్రాతపూర్వక ఆధారాలు లేని కాలానికి చెందిన ప్రజల గురించి తెలుసుకోవడానికి ఈ రాళ్ళు, ఎముకలు, బూడిద తప్ప వేరొక ఆధారం లేదు.